ఎనిమిది కాళ్ల పెళ్లిపెద్ద

క్వంజులా నాడు, అంటే పిల్ల ఇంటికెళ్లి పిల్లనడిగే రోజు, పెళ్లికొడుకు చెయ్యాల్సిన పని ఒక్కటే, నోరు మూసుకుని కూర్చోవడం. కాళ్లదాకా వేలాడే తెల్లటి కాంజు అంగీలు తొడుక్కున్న ఇరవై మంది మగవాళ్ల మధ్య తల వంచుకుని, తనెవరో తనకే తెలియనట్టు ఉండాలి. మాట్లాడడానికి రెండు వైపులా పెద్దమనుషులుంటారు. వాళ్లు ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటారు, జరిమానాలు వేసుకుంటారు, పాడతారు, అలుగుతారు. చివరికి పిల్ల మేనత్త వచ్చి, వరసలన్నీ వెతికినట్టు నటించి, పెళ్లికొడుకు మెడలో దండ వేస్తుంది. అంతదాకా వాడు లేవకూడదు, పలకకూడదు. మా కంపాలాలో ఎంతటి దద్దమ్మలైనా ఈ పని చక్కగా చేసుకొచ్చారు. నా వల్లే కాలేదు.

నా పేరు కలాంజి. పాత టాక్సీ పార్కు వెనక నాదో టీవీ రిపేరు కొట్టు. నాకిమేర అనే అమ్మాయి ఓ రోజు వాళ్ల నాయనమ్మ టీవీని మోటారు సైకిలు వెనక కట్టించుకుని తెచ్చింది. బొమ్మ ఆగకుండా కింది నుంచి పైకి దొర్లిపోతోంది. వార్తలు చదివే పెద్దమనిషి గడ్డం పైనా, నుదురు కిందా ఉన్నాయి. మూత విప్పితే జబ్బు వెంటనే దొరికింది. లోపల ఎనిమిది కాళ్ల చిప్పొకటి చచ్చిపోయింది.

ఆ చిప్పంటే నాకు మొదటి నుంచీ గౌరవం. టీవీకి వచ్చే తీగలో బొమ్మ ఒక్కటే రాదు. బొమ్మతో కలిసి ఆజ్ఞలు కూడా వస్తాయి. ఈ గీత అయిపోయింది, తర్వాతది మొదలెట్టు. ఈ తెర నిండింది, మళ్లీ పైకి పో. బొమ్మను పక్కకు నెట్టేసి ఆ ఆజ్ఞల్ని మాత్రం ఏరి పెట్టడమే ఈ చిప్పు పని. విందులో వడ్డించేవాడు ఎవరు కూర్చున్నారో చూడడు, వరస ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అని మాత్రమే చూస్తాడు. ఇదీ అంతే. తెర మీద మంత్రిగారున్నా మేక ఉన్నా దానికి ఒకటే. మనుషుల్లో ఇంత నిష్పక్షపాతం నేనింతవరకూ చూడలేదు.

పది నిమిషాల పని. కొత్త చిప్పు నా సొరుగులోనే ఉంది. కానీ నాకిమేర బల్ల మీద మోచేతులు ఆనించి, బాగవుతుందా అని అడిగిన తీరు చూసి, నా నోటికి నిజం రాలేదు. మొంబాసా నుంచి సరుకు రావాలన్నాను. మరుసటి వారం వస్తే, ఓడ ఆలస్యమైందన్నాను. మూడో వారం, సరుకు వచ్చింది గానీ ఏడు కాళ్లే ఉన్నాయని చెప్పాను. నాలుగో వారం ఆమె నేరుగా వెళ్లి సొరుగు లాగింది.

"ఇక్కడ ఇన్నున్నాయి కదా?"

"అవి వేరే జాతివి."

ఆమె ఒకదాన్ని చేతిలోకి తీసుకుని కాళ్లు ఒక్కొక్కటీ పైకి లెక్కపెట్టింది. ఎనిమిది అయ్యాక నా మొహం చూసి, పడీపడీ నవ్వింది. ఆ తర్వాత టీవీ లేకుండానే రావడం మొదలుపెట్టింది.

ఇదంతా బాగానే ఉంది గానీ, నాలుగు వారాల పాటు నాయనమ్మకు ధారావాహిక పోయింది. ఆమె కాళ్లు పడిపోయి మంచం మీదే ఉంటుంది. ఆ పెట్టె తప్ప ఆమెకు లోకం లేదు. మనవరాలు ఫలానా మెకానిక్కును చేసుకుంటానని చెప్పగానే, ఎనిమిది కాళ్ల ముక్క వెయ్యడానికి నెల తీసుకున్నవాడు దొంగైనా అయ్యుండాలి, వెధవైనా అయ్యుండాలి, ఎవడో నా కళ్లతో చూశాకే పిల్లనివ్వండి అందిట. నాకిమేర తండ్రి సెబున్య గారు తల్లి మాట జవదాటే మనిషి కాదు. అంతకుముందు నాకిమేరను అడగడానికి వచ్చినవాళ్లను, ఆ రోజు తల్లికి తలనొప్పిగా ఉందని, ఇంకో రోజు రండి అని పంపేశాడు. ఆ ఇంకో రోజు ఇప్పటికీ రాలేదు.

కాబట్టి సంగతి తేటతెల్లం. ముంగిట్లో జరిగేది నాయనమ్మ గదిలో టీవీలో నిలకడగా కనిపించాలి. నా మొహం ఆమె చూడాలి. చూడకపోతే నాకు పెళ్లి లేదు. ఇలాంటి పనికి ఊళ్లో నాకంటే తగినవాడు లేడు, అందుకని నేనే పూనుకున్నాను. పెళ్లికొడుకు అక్కడ పని చెయ్యకూడదనే ముక్క అప్పుడు గుర్తురాలేదు.

మూతపడిన స్టూడియో ఒకటి అమ్మేసిన పాత కెమెరాలు రెండు నా దగ్గరున్నాయి. అతిథుల కెమెరా అతిథులు తెచ్చిన కానుకల బుట్టల్నే చూపిస్తుందని పిల్ల అన్నయ్యకు అనుమానం. మా మనిషి మాకు కావాలన్నాడు. సరే, ఒక కెమెరా వాళ్లు పెట్టుకున్న కెమెరా మనిషి జింగోకు ఇచ్చాను, రెండోది నా కొట్లో భాగస్తుడు ఓడోంగ్‌కు ఇచ్చాను. ఎవరి కెమెరా వాళ్ల పందిరి వైపు తిరిగి ఉంటుంది. ఎవరి మైకు పలికితే వాళ్ల బొమ్మ టీవీకి వెళ్లేలా మధ్యలో ఓ పెట్టె కట్టాను. ఆ పెట్టె గురించి గంటసేపు చెప్పగలను, చెప్పను.

చిక్కేమిటంటే, రెండు కెమెరాలు ఎవరి తాళం వాళ్లు వేసుకుంటే, ఒకదాని నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా టీవీ తికమకపడి బొమ్మను దొర్లిస్తుంది. ఒకటి ముందు నడవాలి. రెండోది దాని తాళానికి అడుగు వెయ్యాలి. అందుకని రెండింటి వెనకా ఒక్కో షూ పాలిష్ డబ్బా బిగించాను. డబ్బాలో ఎనిమిది కాళ్ల చిప్పు, పైన చిన్న మీట. మీట పైకుంటే ఆ కెమెరా ముందు నడుస్తుంది, కిందికుంటే చిప్పు అవతలి కెమెరా ఆజ్ఞల్ని ఏరి ఇస్తే వాటి వెనకే నడుస్తుంది. జింగోది ముందు, ఓడోంగ్‌ది వెనక అని పొద్దున్నే నేనే పెట్టి, మీట ముట్టుకున్నవాడి చెయ్యి విరుస్తానని ఇద్దరికీ చెప్పాను. తర్వాత కాంజు తొడుక్కుని మూగవాణ్ణయిపోయాను.

మొదటి గంట సుఖంగా గడిచింది. మా తరఫున మాట్లాడేవాడు సలోంగో. కవల పిల్లల తండ్రి కాబట్టి ఆ బిరుదు, అసలు పేరు ఆయనే మరిచిపోయాడు. పిల్ల తరఫున రిటైరైన గిట్టా మాస్టారు. మీరెవరో మాకు తెలీదే, దారి తప్పి వచ్చారా అని ఆయన మొదలుపెట్టాడు. ఆలస్యానికి జరిమానా, సలోంగో పాట పాడినందుకు జరిమానా, పాట మధ్యలో ఆపినందుకు ఇంకో జరిమానా వేశాడు. నేను వంచిన తల ఎత్తకుండా, రెండు పందిళ్లలోనూ పెట్టిన టీవీల్లో మా వైపుదాన్ని కనుకొసల నుంచి చూస్తున్నాను. బొమ్మ రాయిలా నిలబడింది. నా కడుపు నిండిపోయింది.

అప్పుడు జింగో గాడు వెళ్లి గిట్టా మాస్టారి చెవిలో ఏదో ఊదాడు. మాస్టారి మొహం వెలిగిపోయింది. మైకు పుచ్చుకున్నాడు.

"బావగారూ, మీ కెమెరా కూడా మా కెమెరా వెనకే నడుస్తోందట. బుద్ధిమంతురాలు. మీకంటే ముందే పద్ధతి నేర్చుకుంది."

వాళ్ల పందిరంతా గొల్లుమంది. సలోంగో మొహం నల్లబడింది.

"మేం పిల్లనడగడానికొచ్చాం గానీ కళ్లు తాకట్టు పెట్టడానికి రాలేదు బావగారూ. మా కెమెరా ఎవరి వెనకా నడవదు."

అని ఓడోంగ్ వైపు చెయ్యి ఊపాడు. ఓడోంగ్ నన్ను చూశాడు. నేను వద్దు వద్దని కళ్లతో ఎంతో చెప్పాను. వాడు పెద్దమనిషి మాట కాదనలేక మీట పైకెత్తేశాడు. ఇక రెండు కెమెరాలూ ముందే. మైకు మారినప్పుడల్లా బొమ్మ దొర్లడం మొదలైంది. సలోంగో బూట్లు ఆయన టోపీ మీదికెక్కాయి. గిట్టా మాస్టారు నడుం దగ్గర విరిగి, పై సగం కిందికి వచ్చింది.

వాళ్ల పందిరి వెనకే నాయనమ్మ కిటికీ. ఆమెకు కాళ్లు పడిపోయాయి గానీ గొంతు పడిపోలేదు.

"గిట్టా పొట్ట నెత్తి మీదికొచ్చిందేంటి? ఒంట్లో బాగాలేదా అతనికి?"

నవ్వు ఆపుకోలేక మా మేనమామ ఒకాయన కుర్చీలోంచి జారాడు. సెబున్య గారు మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి, చాలా మర్యాదగా, మెల్లగా అన్నాడు.

"మా అమ్మకి కనబడకపోతే ఇంకో రోజు పెట్టుకుందాం."

 ఆ ఇంకో రోజు సంగతి నాకు తెలుసు కదా.

పెద్దలు కూడా కంగారుపడి ఇద్దరు వక్తల్నీ చెరో పక్క నుంచీ తిట్టారు. మన వాళ్లకు పోట్లాట ఎంత బాగా వచ్చో, మర్యాద కూడా అంతే బాగా వచ్చు. ఏది మొదలుపెట్టినా ఆపడం రాదు. సలోంగో గుండె మీద చెయ్యి పెట్టుకుని, పిల్లనిచ్చే ఇల్లు గొప్పది, మా కెమెరా మీ వెనకే నడుస్తుందని ప్రకటించి ఓడోంగ్‌కు సైగ చేశాడు. సరిగ్గా అదే క్షణంలో గిట్టా మాస్టారు, ఇంటికొచ్చిన అతిథి దేవుడితో సమానం, మా కెమెరాయే మీ వెనక నడుస్తుందని జింగోకు సైగ చేశాడు. రెండు మీటలూ ఒకేసారి కిందికి దిగాయి.

ఇప్పుడు ఎవరూ ముందు లేరు. మా కెమెరా వాళ్లదాని ఆజ్ఞ కోసం చూస్తుంటే, వాళ్లది మాదాని ఆజ్ఞ కోసం చూస్తోంది. చిప్పులు రెండూ నిజాయితీగా ఏరుతున్నాయి, ఏరడానికి అక్కడ ఏమీ లేదు. టీవీలో బొమ్మ అడ్డంగా చీలి, చీలికలన్నీ ఏటవాలుగా జారి, మనుషులు అరటి ఆకు పీలికల్లా వేలాడారు. ఇందాక దొర్లితే దొర్లింది, కనీసం పొట్ట పొట్టలా ఉంది. ఇప్పుడు అదీ లేదు.

ఇక ఒకడు మీట పైకెత్తాలి. ఎత్తితే మర్యాద తప్పినవాడవుతాడు.

"మీరే ముందు బావగారూ."

"అయ్యో, మీరుండగా మేమా?"

"మా తాతల నాటి నుంచీ మేం వెనకే."

"మా ముత్తాతలు మీ తాతల వెనక నడిచారు."

ఇలా వాళ్లు వంశాల్లోకి వెళ్లిపోయారు. సెబున్య గారు గడియారం చూసుకున్నాడు. నేను పక్కనున్న లుట్టాను, అంటే మా చిన్నాన్న కొడుకును, మోకాలితో పొడిచాను. బొద్దుగా, ఎప్పుడూ ఏదో నములుతూ ఉండే మనిషి. నావైపు జాలిగా చూసి, కడుపునొప్పా, ఇంకో రెండు గంటలు ఆపుకో అన్నాడు. ఓడోంగ్‌కు ఒక వేలు చూపించాను, ఒక్కటే ముందుండాలిరా అని. వాడు దూరం నుంచి పాయిఖానా ఎటో చూపించాడు. నేను రెండు చేతులూ కదిపి, ఒకటి పైకి, ఒకటి కిందికి అని చూపించాను. మా మేనమామలు దాన్ని నాట్యం అనుకుని చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు.

సెబున్య గారు అతిథులకు వీడ్కోలు చెప్పేందుకు మైకు అడిగాడు. నేను లేచాను.

రెండు పందిళ్ల మధ్య నలభై అడుగుల పచ్చిక. రెండు వందల మంది తలలు నావైపు తిరిగాయి. క్వంజులాలో పెళ్లికొడుకు వైపు మనిషి ఒకడు అడగకుండా లేచి పిల్ల వాళ్ల వైపు నడిచి వెళ్లడం మా జిల్లాలో అంతకుముందెవరూ చూడలేదు. కాంజు అంచు కాళ్లకు తట్టుకుంటోంది. దారిలో ఒక కోడిపుంజు బుట్టను తన్నాను. దాని అరుపు తప్ప ఇంకో చప్పుడు లేదు.

జింగో కెమెరా వెనక్కి చేరి మీట పట్టుకున్నాను. వాడు రోషంగా నొక్కిన నొక్కుడికి అది డబ్బాలోకి కూరుకుపోయింది. గోటితో లాగాలి. చిన్న పని చేస్తున్నప్పుడు నాకో పాడు అలవాటుంది, నాలుక పక్కకు బయటికొచ్చేస్తుంది, ఒక కన్ను మూతపడుతుంది, మొహం ఎడమవైపుకు పోతుంది. కొట్లో ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ సలోంగో గాభరా పడి మైకులో మాటలు అందుకున్నాడు. ఓడోంగ్ కుతూహలం ఆపుకోలేక తన కెమెరాను నామీదికి తిప్పి, పెద్దది చేశాడు. మీట టక్కున పైకొచ్చింది. రెండు పందిళ్లలోనూ, నాయనమ్మ గదిలోనూ బొమ్మ ఒక్కసారిగా రాయిలా నిలబడింది. ఆ బొమ్మలో ఉన్నది నా నాలుకే.

సలోంగో గొప్పవాడు, కాదనను. ఊపిరి తీసుకుని, కంగారు పడకండి బావగారూ, అతను మేం వెంట తెచ్చుకున్న మెకానిక్కు అన్నాడు.

"మీ మెకానిక్కు కాంజు చాలా తెల్లగా ఉంది బావగారూ," అన్నాడు గిట్టా మాస్టారు. "మా అల్లుళ్లకి కూడా అంత తెల్లటిది ఉండదు."

అంతటితో సర్దుకుపోయారు. క్వంజులాలో అందరికీ అన్నీ తెలుసు, తెలియనట్టు ఉండడమే పద్ధతి. నేను వెనక్కి వచ్చి లుట్టా పక్కన తల వంచుకున్నాను. గండం గడిచిందనుకున్నాను.

నాకిమేర పండగ గౌను గోమెసిలో, చెల్లెళ్లతో కలిసి వచ్చి చాప మీద మోకరిల్లింది. ఆ భుజాల దగ్గరి పొంగులు, ఆ నడుం పట్టీ చూసి, నాకు అంతవరకూ ఉన్న కోపమంతా పోయింది. తర్వాత నాంయాలో అనే మేనత్త దండ పట్టుకుని మా వరసల్లోకి వచ్చింది. నిలువెత్తు మనిషి, ఈమెకు నేను బాగా తెలుసు. నాకిమేరతో కలిసి రెండుసార్లు మా కొట్లో టీ తాగింది. ఒక్కొక్కరి మొహం గడ్డం పట్టి ఎత్తి చూస్తూ వచ్చింది. ఇతనికి పళ్లు లేవంది, ఇతను నా మొగుడిలా ఉన్నాడు వద్దంది. నా ముందు ఆగింది. నేను మెడ చాచాను.

"ఇతను మెకానిక్కు కదా. మీ పెద్దాయనే చెప్పాడు. నాకు పెళ్లికొడుకు కావాలి."

అని పక్కకు జరిగి, లుట్టా మెడలో దండ వేసింది.

మేనత్త ఎవరి మెడలో వేస్తే వాడే పెళ్లికొడుకు. మాట తిరగరాదు. లుట్టా నమలడం మానేశాడు. నవ్వుతూ లేచి నిలబడ్డాడు కూడా, వాడి తస్సాగొయ్యా. సలోంగో కాదనలేడు, కాదంటే తను రెండు వందల మంది ముందు అబద్ధమాడినట్టు. గిట్టా మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. నాకిమేర కళ్లు పెద్దవి చేసుకుని నావైపే చూస్తోంది, ఆమెకూ మాట్లాడే హక్కు లేదు. నేను పలికితే మర్యాద లేనివాణ్ణి, పలక్కపోతే పెళ్లాం లేనివాణ్ణి. నాకు నిజంగా ఏడుపొచ్చింది. మేనత్త అదంతా పరిహాసమేనని ఇప్పటికీ అంటుంది. మళ్లీ అడిగి తెలుసుకునే ధైర్యం నాకు లేదు.

అప్పుడు కిటికీలోంచి గొంతు వచ్చింది.

"వీడెవడు? వీడు కాదు. ఇందాక నాలుక బయట పెట్టినవాడేడీ?"

"అమ్మా, అతను మెకానిక్కట," అన్నాడు సెబున్య గారు, కిటికీ వైపు తిరిగి.

"మెకానిక్కే కదా నా టీవీని నెల రోజులు దాచుకున్నది. వాడే నా మనవరాల్ని అడిగిన దొంగ. ఈ లావుపాటాయన్ని కూచోబెట్టండి."

పందిట్లో గుసగుసలు లేచాయి. బొమ్మ నిలకడగా ఉండబట్టి ఆమెకు నా మొహం గుర్తుండిపోయింది. దొర్లుతూ ఉంటే లుట్టా గాడే నా మావగారికి అల్లుడయ్యేవాడు. ఓడోంగ్ నామీదికి కెమెరా తిప్పాడు. కానీ నాయనమ్మ గొంతులో అనుమానం వచ్చింది. అందరూ తెల్లటి కాంజుల్లో ఒకేలా ఉన్నారు, తల వంచుకుంటే ఎవడెవడో నాకేం తెలుస్తుంది అంది.

"నాలుక పెట్టమను."

సెబున్య గారు గిట్టా మాస్టారి వైపు చూశాడు. మాస్టారు సలోంగో వైపు చూశాడు. ఇది ఏ పద్ధతిలోనూ లేదు, కాబట్టి దీనికి జరిమానా కూడా లేదు. సలోంగో వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి నన్ను లేపాడు. మేనత్త లుట్టా మెడలోంచి దండ తీసి చేతిలో పట్టుకుని, నా ముందు నిలబడింది.

చాప మీద నాకిమేర పెదవి కొరుక్కుంటోంది. నవ్వు ఆపుకోవడానికి చేస్తోందో, ఏడుపు ఆపుకోవడానికో నాకు తెలియలేదు. ఆ పిల్ల కోసం అలాగే సాయంత్రం దాకా నిలబడమన్నా నిలబడతాను అనిపించింది. రెండు వందల మంది ముందు, మా నాన్న ముందు, మా ఊరి పాస్టరు ముందు, కెమెరాలోకి చూసి, ఒక కన్ను మూసి, మొహం ఎడమకు తిప్పి, నాలుక బయట పెట్టాను. ఆ రోజంతా నా నాలుకకు దొరికిన పని అదొక్కటే.

 కిటికీలోంచి ముసలి నవ్వొకటి, దగ్గుతో కలిసి వినిపించింది.

"వీడే. పిల్లనిచ్చెయ్యండి. ఆ నాలుక ఇంక లోపల పెట్టుకోమను."